లావైతే చాలదు, చదవగలగాలి

కొట్టు ముందు వేలాడే పత్రికను బస్సు కిటికీలోంచి చూసేవాడికి పతాక శీర్షిక తప్ప మరొకటి ఆనదు. ఆ ఒక్క ముక్కకే బలమైన అక్షరం కావాలి.

ఇంగ్లిషుకు ఈ పని తేలిక. 1965లో జెఫ్రీ లీ గీసిన 'ఇంపాక్ట్' ఫాంటునే చూడండి. షెఫీల్డ్‌లోని స్టీఫెన్సన్ బ్లేక్ ఫౌండ్రీ దాన్ని లోహపు అచ్చుగా తెచ్చింది. తర్వాత అది విండోస్‌తో పాటు కంప్యూటర్లకెక్కింది, మీమ్‌లకు ఆస్థాన లిపి అయింది. అందులో నిలువు గీతలు దిట్టం, లోపలి ఖాళీలు ఇరుకు, కిందికి దిగే తోకలు పొట్టి. అందుకే పంక్తి మీద పంక్తి ఇటుకల వరసలా కూర్చుంటుంది.

తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. మన గుండ్రటి అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. శీర్షికల్లో రోజూ కనిపించే 'రాష్ట్రం' అన్న మాటే తీసుకోండి. ష కింద ట వత్తు, దాని వెంటే ర వత్తు. రెండింటినీ కుదిస్తే నల్లటి ముద్ద మిగులుతుంది. విడిగా వదిలేస్తే కింది పంక్తి గుడికి తగులుతాయి. 'ద'కూ 'ధ'కూ తేడా అడుగున ఉన్న చిన్న గీతే. లావు పెంచేకొద్దీ అది పక్క గీతలో కలిసిపోతుంది. 'ధర' కాస్తా 'దర' అవుతుంది.

ఫ్లెక్సీ దుకాణాల్లో చాలాసార్లు జరిగేది ఇదే. మామూలు ఫాంటు ఎంచుకుని బోల్డ్ బటన్ నొక్కేస్తారు. ఆ ఫాంటుకు బోల్డ్ విడిగా లేకపోతే, సాఫ్ట్‌వేర్ ఉన్న గీతనే చుట్టూ ఉబ్బిస్తుంది. అక్షరం గీసేవాడు అలా చెయ్యడు. గీత లావెక్కినచోట అక్షరాన్ని కాస్త వెడల్పు చేసి లోపల గాలి ఆడనిస్తాడు, వత్తు మొదట్లో గీతను సన్నబరుస్తాడు. బోల్డ్ అంటే మళ్లీ మొదటినుంచీ గీయడమే.

మంచి ఫాంట్లు లేవన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన 'రామభద్ర'ను సిలికానాంధ్ర ఉచితంగా అందించింది. రామాభ్యుదయం రాసిన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టుకున్న ఈ ఫాంటు శీర్షికలకూ పోస్టర్లకూ పుట్టినదే. ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ తొమ్మిది భారతీయ లిపులకు 'బాలూ' కుటుంబాన్ని తయారుచేస్తే, అందులో తెలుగు వంతుకు వచ్చింది 'బాలూ తమ్ముడు'. ఒళ్లు నిండుగా ఉన్నా మూలలు మెత్తగా ఉంటాయి. రెండూ యూనికోడ్ ఫాంట్లే, రెండూ ఓపెన్ లైసెన్సులోనివే. దుకాణం బోర్డుకు వాడుకున్నా రుసుము కట్టక్కర్లేదు.

ఈసారి బ్యానరుకో బోర్డుకో ఆర్డరిచ్చేటప్పుడు రంగులతో పాటు ఫాంటు పేరు కూడా అడగండి. నమూనా కాగితాన్ని గోడకు అంటించి, పదడుగుల దూరం నుంచి వత్తులు విడివిడిగా కనిపిస్తేనే అచ్చుకు ఒప్పుకోండి.