నాలుగు గోడల మధ్య నాలుగక్షరం ముక్కలు

ఓపెన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ఒక ఖైదీ బంగారు పతకం అందుకున్న వార్త మీద మా వీధి అరుగున పెద్ద చర్చే జరిగింది. "మన పిల్లల చదువులకి ఒంటిమీద బంగారం తాకట్టు పెడుతున్నాం. తప్పు చేసి జైలుకెళ్ళినవాళ్ళకి ఉచితంగా డిగ్రీనా? బావుందమ్మా న్యాయం!" అన్నారు పక్కింటి పిన్నిగారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకూ అలాగే అనిపించింది.

కానీ తీరిగ్గా ఆలోచిస్తే, ఆ మాటలో 'తప్పు చేసి' అన్నచోటే మనసు ఆగిపోయింది. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో ఉన్నవాళ్ళు 5 లక్షల 73 వేల పైచిలుకు. ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే తప్పు చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చనివాళ్ళన్నమాట!

పోనీ, శిక్ష పడినవాళ్ళ సంగతే చూద్దాం. కోర్టు తీసేసుకున్నది వాళ్ళ స్వేచ్ఛని. బుద్ధిని కాదు కదా? విశాఖ సెంట్రల్ జైలు ఖైదీల కేసులో 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని. అసలు మనం గర్వంగా చెప్పుకునే 'మాలపల్లి' నవలని ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాసింది జైల్లోనే. పుస్తకానికీ జైలుకీ చుట్టరికం మనకి కొత్తేమీ కాదు.

దారి లేదా అంటే, ఉంది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికీ, 1985లో వచ్చిన ఇగ్నోకీ కూడా జైళ్ళలో అధ్యయన కేంద్రాలున్నాయి. ఇగ్నో ఖైదీలకి ఫీజు కూడా మాఫీ చేసింది. ఇది దూరవిద్య. అక్కడ ఒక ఖైదీ చదువుకుంటే మన పిల్లల సీటేమీ తగ్గిపోదు. కాలేజీ ఫీజుల మీద కోపముంటే ఆ ఫీజులు పెంచినవాళ్ళ మీద చూపించాలి గానీ, జైల్లో పుస్తకం పట్టుకున్నవాళ్ళ మీద ఎందుకు?

అయితే ఆ దారి ఆడవాళ్ళ దాకా వచ్చేసరికి సన్నబడిపోతోంది. ఖైదీల్లో స్త్రీలు నూటికి నలుగురే. 2022 చివరికి దేశం మొత్తం మీద ప్రత్యేక మహిళా జైళ్ళు పట్టుమని నలభై కూడా లేవు. మన దగ్గర చంచల్‌గూడ, రాజమండ్రి లాంటి చోట్ల ఉన్నాయి, సంతోషం. అలాంటివి లేనిచోట పెద్ద జైలులో ఓ మూల ఆడవాళ్ళ బ్యారక్‌తో సరి. ఆ పదీ ఇరవై మంది కోసం తరగతి గది, లెక్చరరు అంటే పట్టించుకునేదెవరు?

ఇంకొకటి. భర్త జైలుకెళితే భార్య చంటిపిల్లని చంకనేసుకుని ములాఖత్ గేటు దగ్గర నిలబడుతుంది. భార్య వెళితే? పుట్టింటివాళ్ళు పరువంటారు, అత్తింటివాళ్ళు తలుపు మూసేస్తారు. ఆమె టెన్త్ మార్కుల జాబితా ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండిపోతుంది. ఆ కాగితం తెచ్చిచ్చే దిక్కు లేక డిగ్రీ అప్లికేషన్ ఆగిపోతే, ఆ తప్పు ఎవరిది?

మనం అడగాల్సినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. మగవాళ్ళ వైపు తరగతి నడిచే ప్రతి జైలులోనూ ఆడవాళ్ళ వైపూ నడవాలి. ఆగిపోయిన సర్టిఫికెట్లని బోర్డు నుంచి తెప్పించే బాధ్యత అధికారులే తీసుకోవాలి. విచారణ ఖైదీ బెయిలు మీద వెళ్ళినా, ఇంకో జైలుకి మారినా చదువు సగంలో తెగిపోకుండా చూడాలి. డిగ్రీ కన్నా ముందు అక్షరాలు, టెన్త్, ఇంటరు అనే మెట్లు కూడా ఉండాలి. ఆరేళ్ళు నిండేదాకా బిడ్డని తల్లి దగ్గర ఉంచుకోవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి పుస్తకం పట్టుకోవడం చూసి పెరిగిన ఆ బిడ్డ రేపు బడికెళ్ళడానికి మారాం చేస్తుందా?

ఇవన్నీ ప్రభుత్వం చెయ్యాల్సినవి. మనం చెయ్యాల్సిందీ ఒకటుంది. డిగ్రీ చేత్తో పట్టుకుని బయటికొచ్చిన ఆవిడ మన వీధిలో గది అద్దెకి తీసుకుని ట్యూషన్లు చెబుతానంటే, మన పిల్లల్ని పంపుతామా? ఈ మాటే పిన్నిగారిని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నిజానికి నన్ను నేను అడుక్కున్నప్పుడు నాకూ వెంటనే జవాబు రాలేదు.

మరి మీరేమంటారు?