మన గుడిలో డప్పుకు చోటేది?

జర్మనీలో చర్చి సంగీతకారుడంటే అదొక ఉద్యోగం. పెద్ద సంఘాల్లో అతన్ని కాంటోర్ అంటారు. దానికి చదువుంది, పరీక్షలున్నాయి, నెల జీతముంది. ఆర్గన్ వాయించడం, గాయకబృందాన్ని నడపడం, ఆరాధనకు కొత్త పాటలు కట్టడం అతని పని. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723 నుంచి 1750లో కన్నుమూసేదాకా లైప్జిగ్‌లో చేసింది ఆ పనే. ఆయన అక్కడ పాటలు కడుతున్న రోజుల్లోనే, 1726లో, బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తరంగంబాడి నుంచి మన మద్రాసుకు వచ్చాడు. ఇక్కడ తెలుగు నేర్చాడు, తెలుగు వ్యాకరణం రాశాడు, స్వదేశానికి తిరిగి వెళ్ళాక హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు.

ఆ మిషనరీల వెనక ఉన్నది మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన ఒక పద్ధతి. గుడిలో పాట గురువులదీ గాయకులదీ మాత్రమే కాదు, బెంచీ మీద కూర్చున్న మామూలు మనిషిది కూడా. అతను తన భాషలో, తన నోటితో దేవుణ్ణి పాడాలి. ఈ మాటను మన గడ్డ మీద చివరిదాకా తీసుకెళ్ళింది ఎవరని అడిగితే మాకు తోచే పేరు జేమ్స్ థియోఫిలస్ అప్పావు. 1940లో పుట్టి 2005లో మరణించిన ఈ తమిళ దళిత దైవజ్ఞుడిని, సీఎస్ఐ గురువును, జనం ‘పరట్టై అన్నన్’ అన్నారు. తల దువ్వని అన్నయ్య అని అర్థం. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. చెన్నైలోని మన తెలుగు సంఘాల్లో ఆయన పేరు తెలిసినవారు తక్కువ. ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం మనం కూడా జవాబు చెప్పాలి.

మదురై అరసరడిలోని తమిళనాడు థియొలాజికల్ సెమినరీలో ఆయన అధ్యాపకుడు. పాశ్చాత్య గీతాలు తెలుసు, కర్ణాటక కీర్తన పద్ధతీ తెలుసు. అవి రాక వదిలేసినవాడు కాదు. అయితే గుడిలో కూర్చున్నవాళ్ళలో అత్యధికులు దళితులైనప్పుడు, వాళ్ళు పొలంలో, పెళ్ళిలో, చావులో పాడుకునే బాణీలు ఒక్కటీ గుడి గడప ఎందుకు దాటడం లేదని ఆయన అడిగాడు. మిషనరీల పాట పవిత్రం, పై కులాల కీర్తన పవిత్రం, పల్లెపాట మాత్రం అపవిత్రం. ఇది సంగీతం గురించిన తీర్పులా కనిపిస్తుంది, కాని మనుషుల గురించిన తీర్పు అని ఆయన గుర్తించాడు. 1986లో వచ్చిన ‘ఫోక్‌లోర్ ఫర్ చేంజ్’ అనే పుస్తకంలో ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. తర్వాత ఆరాధన క్రమాన్నంతా గ్రామీణ సంగీతంలో కట్టాడు. అందులో పరై మోగుతుంది. భాష పల్లెలో మాట్లాడుకునే తమిళం.

జానపదాన్నే ఎందుకు ఎంచుకున్నాడో తెలుసుకోవాలి. ఆ పాటకు ఖరీదైన వాద్యాలు అక్కర్లేదు, ఏళ్ళ తరబడి శిక్షణ అక్కర్లేదు, చదువు రానివాళ్ళు కూడా పాడగలరు. అంతకన్నా ముఖ్యం, పాడేవాళ్ళు దాన్ని మార్చుకోగలరు. ఒక ఊరివాళ్ళు తమ కష్టాన్ని కొత్త చరణంగా కలుపుకుంటే అది తప్పు పాడటం కాదు, పాట బతికుందని గుర్తు. అచ్చయిన పుస్తకంలోని కీర్తనను ఒక్క అక్షరం మార్చకుండా పాడించే మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు.

పరలోక ప్రార్థనను ఆయన తన పద్ధతిలో మళ్ళీ కట్టాడు. అందులో దేవుణ్ణి తండ్రి అని మాత్రమే పిలవడు. తల్లికీ తండ్రికీ కూడా చెల్లే పల్లెమాటతో పిలుస్తాడు. మన తెలుగులో ‘కన్నవారు’ అన్నట్టు. అనుదిన ఆహారం అడిగే చోట అందరూ ఒక కుటుంబంలా కలిసి తినడం కూడా అడుగుతాడు. ఒకే కుండలో వండుకుని తినడం ఆయన దైవశాస్త్రానికి గుండెకాయ. ఎవరితో కలిసి తినకూడదో చెప్పేది కులం. అందుకే ప్రభు బల్లకు అసలు అర్థం ఒకే కుండ కూడు దగ్గరే తేలుతుందని ఆయన పాటలు చెబుతాయి. ఈ పాటలను ఆయన విద్యార్థులు ఊళ్ళకు తీసుకెళ్ళారు. జో షెరినియన్ అనే అమెరికన్ సంగీత పరిశోధకురాలు ఆయన మీద రాసిన పుస్తకం 2014లో వెలువడింది.

ఇక మన సంగతి. తెలుగు క్రైస్తవులకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి గారి లాంటి వారు కట్టిన ఆ కీర్తనలు మన ఆస్తి. వాటి మీద రాగం పేరూ తాళం పేరూ రాసి ఉంటాయి. వాటిని తీసి పక్కన పెట్టమని మేము అనడం లేదు. కాని ఆ పుస్తకం చేతిలో పట్టుకున్న మన పూర్వికులెవరో గుర్తు చేసుకుందాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో దాదాపు అందరూ మాదిగలు. తోలు పని, డప్పు కొట్టడం వారికి ఊరు అంటగట్టిన వృత్తులు.

క్లౌ దొర కాలంలో ఆ విశ్వాసులు గ్రామదేవతల జాతరల్లో డప్పు కొట్టమని ఎదురు తిరిగారు. అందుకు పెత్తందార్ల చేతిలో బాధలు కూడా పడ్డారు. వాళ్ళకు డప్పు మానడమే విడుదల. ఈ మాట గౌరవంతో ఒప్పుకోవాలి. తమిళనాట కూడా చావులకు పరై కొట్టబోమని తిరగబడిన దళిత ఉద్యమాలు ఉన్నాయి. మళ్ళీ దాన్నే గుడిలోకి తెమ్మంటారా, మా తాతలు వదిలించుకున్న సంకెలను మా పిల్లల మెడలో వేయమంటారా అని మన పెద్దలు అడిగితే, ఆ ప్రశ్నలో న్యాయముంది.

అప్పావు పని మొత్తం చూస్తే మాకు అర్థమైంది ఇది. సంకెల తోలులో లేదు, బలవంతంలో ఉంది. పిలిచినప్పుడల్లా రావాలి, దూరంగా నిలబడాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి అన్న కట్టడిలో ఉంది. ఆ కట్టడిని తెంచడం ఒక పని. తెంచాక, తరతరాల విద్యను అవమానంతో పాటు పారేయకుండా తలెత్తుకుని చేతపట్టడం రెండో పని. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం చేసింది ఆ రెండో పనే. ఊరి కబురు మోయమన్న డప్పుతోనే తమ కబురు తాము చెప్పుకున్నారు. దిండిగల్‌లోని శక్తి జానపద కళా కేంద్రంలో దళిత యువతులు పరై వాయిస్తున్నారు. ఒకప్పుడు అది మగవాళ్ళకే పరిమితమైన వాద్యం.

వాక్యంలో దీనికి చోటు లేదా? నిర్గమకాండం 15వ అధ్యాయం చూడండి. సముద్రం దాటిన బానిసల ముందు మిర్యాము నడిచింది. ఆమె చేతిలో ఉన్న వాద్యాన్ని హెబ్రీలో ‘తోఫ్’ అంటారు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించేది. మన డప్పుకు, కంజీరకు దగ్గరి చుట్టం. మన తెలుగు బైబిలులో అది ‘తంబుర’ అయింది. తంబుర అనగానే తెలుగువాడి మనసులో మెదిలేది తీగల వాద్యం. 150వ కీర్తనలోనూ అదే మాట. ఎవరో కావాలని చేశారని మేము అనడం లేదు. కాని విడుదల పొందిన జనం మొట్టమొదటి ఆరాధనలో మోగింది తోలు వాద్యమన్న సంగతి మన చెవికి చేరలేదు. డప్పు కొట్టిన జాతి ఆ వచనం చదువుకుంటూ కూడా అందులో తనను తాను గుర్తుపట్టలేకపోయింది.

చెన్నైలో బయటి లోకం మనకన్నా ముందు నడిచింది. 2018 జనవరిలో ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం తొలి కచేరీ కీల్పాక్‌లో ఒక సీఎస్ఐ పాఠశాల మైదానంలోనే జరిగింది. సభల మాసంగా పేరున్న మార్గళిలో 2020 నుంచి ప్రజల సంగీతానికి వేరే వేదిక లేచింది. మన మైదానంలో మోగిన వాద్యం మన గుడిలో మోగడానికి ఏమి అడ్డం? క్రిస్మస్ ఊరేగింపుకు డప్పు కావాలి, బిషప్పుగారికి స్వాగతం చెప్పడానికి కావాలి, సమాధుల తోటకు వెళ్ళేటప్పుడు కావాలి. గుడి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. లోపల కీబోర్డు మొదలవుతుంది. డప్పు వాయించిన తమ్ముడు బయట చెట్టు కింద కూర్చుంటాడు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. ప్రభుత్వ కాగితం మీద కులం పోయింది, పల్లెలో చావుకు డప్పు కొట్టమని పిలిచేటప్పుడు మాత్రం పోలేదు. ఆ పేరా మీద మనం ధర్నాలు చేస్తున్నాం. చేయాలి కూడా. అయితే ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మన సంఘాన్నీ అడగాలి. ఆదివారం పూట పీఠం దగ్గర ఎవరి చేతులు, ఎవరి బాణీ, ఎవరి మాట వినిపిస్తున్నాయి?

ఈ నగరపు పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో. 2025 ఆగస్టులో రిప్పన్ భవనం ముందు కార్మికులు 13 రోజులు కూర్చున్నారు. వాళ్ళ చీపురు గురించి, చెత్త బండి గురించి, తెల్లవారుజామున లేచే తల్లి గురించి మన గీతాల పుస్తకంలో పాట ఏది? అప్పావు ఉండి ఉంటే ఆ కార్మికులను కూర్చోబెట్టి వాళ్ళచేతే కట్టించేవాడని మా నమ్మకం.

అందుకే మన కాపరులకు, సంఘ పెద్దలకు మా మనవి. డప్పును పండుగ ముచ్చటగా కాకుండా మామూలు ఆదివారం ఆరాధనలోకి పిలవండి. వాయించేవాళ్ళను ముందు అడగండి. వద్దంటే ఆ ‘వద్దు’ను కూడా గౌరవించండి, ఎందుకంటే బలవంతంగా మోగించే డప్పు గుడిలో మోగినా వెట్టే. వస్తామంటే గాయకబృందం పక్కన కుర్చీ వేయండి. కీబోర్డు వాయించే అబ్బాయికి నెలనెలా ఇచ్చేంత వీరికీ ఇవ్వండి. జర్మనీ సంఘం తన సంగీతకారుడికి జీతం ఇవ్వడంలో మనం నేర్చుకోవలసింది ఇదే: పాటను గౌరవించడమంటే పాటగాడి పొయ్యి వెలిగేలా చూడడం. మన వేదాంత కళాశాలలు కూడా కర్ణాటక రాగాలతో, పాశ్చాత్య స్వరాలతో పాటు పల్లె దరువులు నేర్పాలి. నేర్పడానికి ఆ పల్లె పెద్దలనే గురువులుగా పిలవాలి.

డప్పు వాయించడానికి ముందు తోలును మంట దగ్గర కాచి బిగిస్తారు. కాచకుండా కొడితే మోగదు. ఈ మాటలు కొందరికి వేడిగా తగలవచ్చు. తగిలినా ఫర్వాలేదు, వచ్చే ఆదివారం సంఘ కమిటీలో ఈ ఒక్క సంగతి చర్చకు పెట్టండి: చెట్టు కింద కూర్చున్న ఆ తమ్ముణ్ణి లోపలికి పిలుస్తున్నామా, లేదా?