గడువు దాటితే బెయిల్ హక్కే

మోసం కేసులో నిందితులకు బెయిల్ రావడంపై ‘చట్టం కళ్లుగప్పారు’ అని మీ పత్రికలో రాశారు. అదేం మాట? ఏడేళ్ల వరకు శిక్ష పడే ఇలాంటి కేసులో మొదటి రిమాండ్ నాటి నుంచి 60 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయాలి. వేయలేదు. ఇక జామీను ఇవ్వగలిగితే, అడిగిన నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది. బీఎన్‌ఎస్‌ఎస్ 187వ సెక్షన్ చెప్పేది అదే, పాత సీఆర్‌పీసీ 167 చెప్పిందీ అదే. నిలదీయాల్సింది దర్యాప్తు అధికారిని కదా! పైగా బెయిల్ వస్తే కేసు కొట్టేసినట్టు కాదు. వాయిదాకు రాకపోతే వారెంటు తప్పదు.

‘నేరం ఒప్పుకున్నారు’ అనీ రాశారు. ఎవరి ముందు? పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో నేరాంగీకారంగా చెల్లదు. ఆ ముక్క రాయడానికి చోటు లేదు గానీ, ముసుగులేసి నిలబెట్టిన ఫొటో మాత్రం మూడు కాలమ్‌లలో వేశారు.

— కోర్టు గుమాస్తాగా పనిచేసిన ఓ పాఠకుడు, తెనాలి