పడుగూ పేకా అనే ముందు

తెలుగు విమర్శకి బట్టతో చాలా పాత సంబంధం. మన కథకులు కథని అల్లుతారు. వస్తువూ శిల్పమూ పడుగూ పేకల్లా కలిసిపోతాయి. మంచి నవలలో అతుకులు కనపడవు, నచ్చని కవిత అతుకుల బొంత. ఏ సమీక్ష తెరిచినా వీటిలో ఒకటైనా తగులుతుంది. రాసినవాళ్లలో ఎంతమంది ఒక్కసారైనా బట్టకి కత్తెర పెట్టారో నాకు అనుమానమే. అనుమానం సంగతి అలా ఉంచండి, నా అభియోగం ఇది: కుట్టుపనిని మనం ఉపమానంగా వాడుకున్నాం తప్ప ఒక జ్ఞానంగా ఏనాడూ చూడలేదు. అందువల్ల కుట్టేవాళ్ల కూలీ తగ్గింది, మన భాష కూడా పలచబడింది.

గాల్లో మాట్లాడకుండా ఒక వస్తువు తీసుకుందాం. ఫుల్ సర్కిల్ పావడా. టైలర్ షాపుల్లో అంబ్రెల్లా కట్ అంటారు. ఇంట్లో న్యూస్ పేపర్ మీద పాటర్న్ గీసుకుని నేను కుట్టుకున్న పావడా లెక్కే చెప్తాను. నడుము 28 అంగుళాలు, పొడవు 36. నేల మీద పరిస్తే ఇది మధ్యలో చిల్లు ఉన్న చక్రం. చిల్లు చుట్టుకొలతే నడుము. 28ని 6.28తో భాగిస్తే వ్యాసార్ధం దాదాపు నాలుగున్నర అంగుళాలు. ఇంతవరకూ బళ్లో చెప్పిన లెక్క. అసలు పని ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. కుట్టు బట్ట అంచు మీద పడదు, అర అంగుళం కిందుగా పడుతుంది. చక్రం మీద అర అంగుళం కిందికి జరిగితే చుట్టుకొలత మూడంగుళాల పైన పెరుగుతుంది. అంటే 28 నడుముకి 31 అంగుళాల పావడా తయారవుతుంది. అందుకని చిల్లు కోసేటప్పుడు నాలుగు అంగుళాల దగ్గరే ఆగాలి. 44 అంగుళాల పన్నా ఉన్న బట్టలో ఇంత చక్రం ఒక్క ముక్కగా రాదు కాబట్టి రెండు అర్ధచక్రాలు కొయ్యాలి. కింద మడతతో కలిపి ఒక్కోదానికి 83 అంగుళాలు. టేపు అంగుళాల్లో ఉంటుంది, షాపువాడు మీటర్లలో అమ్ముతాడు. 4.25 మీటర్లు అడగాలి.

ఇప్పుడు పడుగూ పేకా దగ్గరికి వద్దాం. బట్టని పడుగు వెంట లాగితే దాదాపు సాగదు. పేక వెంట కాస్త సాగుతుంది. రెంటికీ ఓరగా, మూల నుంచి మూలకి లాగితే బాగా సాగుతుంది. టైలర్లు దీన్ని క్రాస్ అంటారు. చక్రంగా కోసిన పావడాలో కొన్ని చోట్ల పడుగు నిలువుగా వేలాడుతుంది, కొన్ని చోట్ల పేక. నాలుగు చోట్ల మాత్రం బట్ట క్రాస్‌లో వేలాడి, తన బరువుకి తానే కిందికి దిగిపోతుంది. అందుకే కింది అంచు వెంటనే మడవకూడదు. నడుం పట్టీ వేసి, ఒక రోజు హ్యాంగర్‌కి వేలాడదీసి, దిగాల్సింది దిగాక నేల నుంచి ఎత్తు కొలుచుకుంటూ సరిచేసి, అప్పుడు మడవాలి. ఆ అంచు పొడవు 21 అడుగులు.

పడుగూ పేకా అంటే సామరస్యం అనుకునే విమర్శకుడికి ఈ మూడో దిక్కు ఉందని తెలీదు. పావడాకి ఆ ఊపు వచ్చేది బట్ట పడుగుకీ పేకకీ ఓరగా ఉన్న చోటే. ఈ సంగతి తెలిసుంటే కనీసం ఉపమానమైనా బాగుపడేది.

పోనీ మనదే అయిన పరికిణీ సంగతి? కథల్లో, పాటల్లో, జ్ఞాపకాల కాలమ్‌లలో పరికిణీలకి లోటు లేదు. కానీ పట్టు పరికిణీని చక్రంగా ఎందుకు కొయ్యరో ఎవరైనా రాశారా? మగ్గం మీద అంచు తిన్నగా నేస్తారు, తిన్నని అంచు చక్రం చుట్టూ తిరగదు. అందుకని బట్టని కొయ్యకుండా నడుముకి మూడు రెట్లు తీసుకుని, కుచ్చులు పెట్టి పట్టీకి ఎక్కిస్తారు. అదే 28 నడుముకి 84 అంగుళాలు. అంబ్రెల్లాకి పట్టే దాంట్లో సగం, పైగా ముక్క వృథా కాదు. పొడవులో లోపలికి ఒక మడత వేసి కుడితే పిల్ల ఎదిగాక విప్పుకోవచ్చు. మగ్గం, ఖర్చు, పిల్ల ఎదుగుదల మూడూ లెక్కలోకి తీసుకున్న డిజైన్ ఇది. మన సాహిత్యంలో ఆ పరికిణీ కట్టుకున్న పిల్ల కనిపిస్తుంది, కుట్టినావిడ కనిపించదు. కనిపించినా కష్టాలకి గుర్తుగానే: మొగుడు పోయింది కాబట్టి మిషను తొక్కుతోంది. సినిమాలో టైలర్ హీరో అయితే 1986 నాటి ‘లేడీస్ టైలర్’. అందులో కొలతలు పుట్టుమచ్చ వెతకడానికి సాకు.

ఇక భాష. తెలుగులో శాస్త్రం చెప్పలేకపోతున్నాం అని సభలు పెట్టి బాధపడతాం కదా. ఒక మధ్యాహ్నం యూట్యూబ్‌లో ఏదైనా తెలుగు కుట్టు పాఠం వినండి. కొలత, షరతు, కారణం, క్రమం అన్నీ ఒక్క వాక్యంలో తడబడకుండా చెప్పేవాళ్లున్నారు. ‘అంతా ఇంగ్లీషేగా, వెయిస్ట్, లెంగ్త్, ఫోల్డ్’ అంటారా? నామవాచకాలు నిజంగానే ఇంగ్లీషువి. క్రియలు వినండి: పరవడం, మడవడం, ముడుచుకోవడం, పీక్కుపోవడం, దిగడం, సాగడం, అతకడం, విప్పడం. మా ఆఫీసు మీటింగుల్లో తెలుగుకి మిగిలిన క్రియలు చేద్దాం, చూద్దాం. భాష ఎక్కడ బతికుందో మీరే చెప్పండి.

పాటర్న్ చూసి కుట్టడం కాపీ కదా, అందులో సృజన ఏముంది అని ఇంకో మాట వస్తుంది. అమెరికాలో బటరిక్ కంపెనీ 1863లో సైజుల వారీగా కాగితం పాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టింది. మనకి అంతకన్నా దగ్గరి మాట ‘ఆది’. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టుని ఆదిగా ఇచ్చి కొత్తది కుట్టమంటాం. పాటర్న్ అయినా ఆది అయినా చదవాల్సిన పాఠమే. ఈ బట్ట ఎంత దిగుతుంది, ఈ నడుము ఎక్కడుంది, ఎక్కడ గీత దాటాలి అన్నవి అందులో రాసి ఉండవు, చదివేవాళ్లే తేల్చుకోవాలి. పుస్తకాన్ని తప్పుగా చదివినా సమీక్ష రాసి గట్టెక్కవచ్చు. పాటర్న్‌ని తప్పుగా చదివితే నడుం దగ్గర తెలిసిపోతుంది.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. ఆడవాళ్లని మిషను ముందు కూర్చోబెట్టింది చాలు, మళ్లీ దానికి కీర్తనలెందుకు అని. నిజమే. నడుం నొప్పినీ ముక్కకింత అనే కూలీనీ అందమైన మాటలతో కప్పే పని నాకొద్దు. కానీ ఆ కూలీ అంత తక్కువ ఎందుకుంది? అది తెలివితో చేసే పని అని ఎవరూ ఒప్పుకోరు గనక. ‘ఇంట్లో ఖాళీగా ఉంది, కుడుతోంది’ అంటారు. అదే జ్యామితి నేను స్క్రీన్ మీద చేస్తే ఇంజనీరింగ్, ఆవిడ గచ్చు మీద చేస్తే కాలక్షేపం. ఈ తేడాని నిలబెట్టడంలో సాహిత్యానికీ వాటా ఉంది, ఆ పనిని జాలికీ జ్ఞాపకానికీ మాత్రమే వాడుకుంది కాబట్టి.

కాబట్టి అడుగుతున్నాను. నిఘంటువుల మీద పనిచేసేవాళ్లు పన్నా, ఆది, క్రాస్ లాంటి మాటలని కుట్టేవాళ్ల దగ్గరికెళ్లి, వాళ్లు వాడే అర్థంతో సహా రాసుకోవాలి. మన పత్రికలు కవితా సంపుటాలతో పాటు కుట్టు పాఠాల భాషనీ సమీక్షించాలి. అప్పటిదాకా పడుగూ పేకా అనే మాట రాయబోయే ప్రతి విమర్శకుడికీ ఒక గజం బట్ట, ఒక టేపు, ఒక సుద్దముక్క ఇవ్వాలి. క్రాస్ ఎటుందో చూపించాకే రాయనివ్వాలి.