పందెం ముందే తెలుస్తుందా?

పిల్లలూ! కిందటి నెల మా వీధిలో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చాడు. "మాష్టారూ, కయాక్ పడవల పందాలకు తీసుకునేముందు ఒంటికి పరీక్షలు చేస్తారట. అందులో తప్పితే ఇక ఆశ వదులుకోవలసిందేనా?" అని అడిగాడు. వాడి గొంతులో బెంగ ఉంది. అందుకే ఈసారి ఆ సంగతి చెబుతాను.

కయాక్ అంటే సన్నని, తేలికైన పడవ. గ్రీన్‌లాండ్ వంటి మంచు ప్రాంతాల వేటగాళ్ళు సీల్ తోలుతో చేసుకునేవారు. కాళ్ళు ముందుకు చాచి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో కుడి ఎడమల నీళ్ళు తోస్తూ పోవాలి. ఒలింపిక్స్‌లో 1936 నుంచి ఈ పందాలున్నాయి.

పరీక్ష సాధారణంగా గదిలో చేస్తారు. తెడ్డు వేయడానికి ఒక యంత్రం, ముక్కూ నోరూ కప్పే తొడుగూ ఉంటాయి. ఆటగాడు అంతకంతకు జోరు పెంచాలి. పీల్చిన గాలిలో ప్రాణవాయువును అతని ఒళ్ళు ఎంత వాడుకున్నదో లెక్క కడతారు. ఎంత జోరు చేసినా ఇక పెరగని మట్టం ఒకటి వస్తుంది. అది కావాలి. చెవితమ్మె నుంచి రక్తపు చుక్క తీసి, లాక్టేట్ అనే పదార్థం ఎంత చేరిందో కూడా చూస్తారు. ఈ లాక్టేటే అలసటకు కారణమని ఒకప్పుడు నేనూ పాఠం చెప్పినవాణ్ణే! అది సరికాదని తరవాత తేలింది. అయినా కండరాలు ఎంత హడావిడి పడుతున్నాయో అది పట్టి ఇస్తుంది.

మగవాళ్ళ 1000 మీటర్ల పందెం సుమారు మూడున్నర నిమిషాలు. శక్తిలో ఎక్కువ భాగం ప్రాణవాయువు సాయంతోనే పుట్టాలి గనక ఈ కొలత అక్కడ బాగా పనికివస్తుంది. 200 మీటర్లయితే 35 సెకన్లలో సరి! ఊపిరి అందుకునేలోగా పందెమే అయిపోతుంది. అక్కడ భుజబలం ముఖ్యం. అలాగని రెండూ వేరు వేరు మనుషుల పందాలని గీత గీయకండి. న్యూజిలాండ్‌కు చెందిన లీసా కారింగ్టన్ 2021లో టోక్యోలో 200 మీటర్లూ, 500 మీటర్లూ ఒంటరిగానే గెలిచింది.

అసలు చిక్కు మరొకటి ఉంది. 30 మార్కులవాడికీ 90 మార్కులవాడికీ తేడా ఒక్క పరీక్షలో తెలుస్తుంది. 91, 92, 93 వచ్చిన ముగ్గురిలో ఈసారి ఎవరు మొదటివాడు? ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దిన నేనే చెప్పలేను. ఒలింపిక్స్‌కు వచ్చేవాళ్ళంతా 90 దాటినవాళ్ళే. అక్కడ తెడ్డు నీటిని పట్టే తీరు, ఎదురుగాలి, ఆనాటి ధైర్యం కూడా లెక్కలోకి వస్తాయి.

పెద్దలూ, మీరూ వినండి. 13 ఏళ్ళకే ఒకడికి మీసాలు మొలుస్తాయి, పక్కవాడింకా పసివాడు. అప్పటి కొలతలో ఎదుగుదల ఎంతో, సత్తా ఎంతో విడదీయడం కష్టం. పొట్టివాడని నేనొక పిల్లవాణ్ణి పరుగు జట్టులోంచి తీసేశాను. రెండేళ్ళకు వాడు నాకంటే పొడుగయ్యాడు. కాని మళ్ళీ మైదానానికి రాలేదు.

అందుకని మా కుర్రవాడితో, "పరీక్ష చేస్తే చేయించుకో. ఆ కాగితం దాచుకుని, ఆరు నెలలు సాధన చేశాక మళ్ళీ కొలిపించుకో. పక్కవాడి అంకెతో కాదు, నీ పాత అంకెతో పోల్చి చూసుకో" అన్నాను. వాడి ముఖం విప్పారింది.

"అది సరే, నీకు ఈత వచ్చునా?" అన్నాను.

రాదుట! రేపటినుంచి నేర్చుకుంటాడుట.