మౌస్ పక్కన పెట్టి, కీబోర్డు చేతికివ్వండి



ఇంట్లో చూపులేని పిల్ల ఉంటే మనం ముందుగా మెచ్చుకునేది గొంతునే. "ఎంత బాగా పాడుతుందో" అంటాం, శ్రీరామనవమి భజనలో ముందు వరసలో కూచోబెడతాం. రికార్డింగు మాత్రం తమ్ముడు చేస్తాడు. తప్పులు కోసేదీ, గ్రూపులో పెట్టేదీ వాడే. పాడడం వరకే ఆమె వంతు. ఇక బతుకుతెరువు అనగానే ఈ ఊళ్ళో చూపులేనివాళ్ళకి నలుగురూ చెప్పేది మసాజ్ పని. గౌరవంగా బతికే పనే, కాదనను. కానీ చెవి అంత చురుగ్గా ఉన్న పిల్లకి శబ్దంతో చేసే పని కూడా నేర్పొచ్చు కదా? ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాం.

"తెర కనబడకుండా కంప్యూటర్ ఎలాగమ్మా?" అంటారు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి, స్క్రీన్ రీడర్లు అంటారు. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనేది పూర్తిగా ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. చిన్నప్పుడు వాళ్ళు కలుసుకున్నది ఒక సంగీత శిబిరంలో! తమకి కావలసిన పనిముట్టు తామే చేసుకున్నారన్నమాట.

ఇలాంటిది మన ఊరికీ కొత్త కాదు. 1917లో ఇంగ్లండు నుంచి విలియం జాక్సన్ అనే పాదిరి వచ్చారు. ఆయనకి చూపు లేదు. కెమ్మెండైన్‌లో చూపులేని పిల్లల బడి నడిపారు, బర్మీస్ భాషకి బ్రెయిలీ లిపి కూర్చారు. 1931లో పోయేదాకా ఇక్కడి పిల్లల కోసమే పనిచేశారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. ఎన్‌వీడీఏతో పాటే ఈస్పీక్ అనే గొంతు వస్తుంది. తెలుగూ చదువుతుంది, బర్మీసూ చదువుతుంది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష ఉన్న మన పిల్లలకి అది చిన్న వరం కాదు. మరబొమ్మ మాట్లాడినట్టు ఉంటుంది, మొదట్లో విసుగు పుడుతుంది. అలవాటయ్యాక పిల్లలే దాని వేగం పెంచుకుంటారు.

రికార్డింగుకి ఆడాసిటీతో మొదలుపెట్టండి. ఇదీ ఉచితమే. మౌస్ అక్కర్లేదు. ఆర్ మీట నొక్కితే రికార్డింగు మొదలు, స్పేస్ నొక్కితే ఆగుతుంది. హోమ్ నొక్కి మళ్ళీ స్పేస్ నొక్కితే మొదటి నుంచి వినిపిస్తుంది. పాటలో దగ్గు వచ్చిందనుకోండి. పాట మోగుతుండగానే దగ్గు మొదట్లో ఎడమ చదరపు బ్రాకెట్, దగ్గు అయ్యాక కుడి బ్రాకెట్ నొక్కాలి. తర్వాత ఆపి, డిలీట్ నొక్కితే ఆ ముక్క పోతుంది. తప్పు ముక్క పోతే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే తిరిగొస్తుంది. చూపున్నవాళ్ళు తెర మీద గీతలు చూసి కోస్తారు, ఈమె విని కోస్తుంది. పాట విషయంలో చెవిని మించిన కొలత ఇంకేముంది చెప్పండి?

చిక్కు ఒకటుంది. చెవిలో పాట, అదే చెవిలో స్క్రీన్ రీడర్ మాటలు. రెండూ కలిస్తే తల దిమ్మెక్కుతుంది. స్పీకర్లో పెడితే ఆ మాటలు రికార్డింగులోకి కూడా దూరతాయి. అందుకే హెడ్‌ఫోన్ తప్పనిసరి. కంట్రోల్ మీట నొక్కితే మాట అక్కడికక్కడే ఆగుతుంది. ఇన్సర్ట్ పట్టుకుని ఎస్ నొక్కుతూ పోతే స్క్రీన్ రీడర్ గొంతును పూర్తిగా ఆపేయొచ్చు, అలాగే తిరిగి రప్పించొచ్చు. ఎన్‌వీడీఏ ఆడియో సెట్టింగుల్లో మాటలు ఏ పరికరంలోంచి రావాలో కూడా ఎంచుకోవచ్చు. పాట ఒక దాంట్లో, మాట ఇంకో దాంట్లో.

చెయ్యి తిరిగాక రీపర్‌కి వెళ్ళొచ్చు. వయొలిన్ ఒక ట్రాకు, మృదంగం ఒక ట్రాకు, గొంతు ఒక ట్రాకుగా కూర్చే పెద్ద ప్రోగ్రాము ఇది. దానికి ఒసారా అనే ఉచిత తోడు ఉంది. ఏ ట్రాకులో ఉన్నామో, ధ్వని ఎంతుందో చెబుతుంది. దాన్ని మొదలుపెట్టిందీ ఆ జేమ్స్ టేనే. రీపర్‌ని 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత ఇంటివాడకానికి 60 డాలర్లు. ఇక్కడి నుంచి డాలర్లు కట్టడం ఎంత తలనొప్పో మీకు తెలుసు. బయటి దేశాల్లో ఉన్న అక్కయ్యలూ, పండక్కి చీర పంపే బదులు ఈ సాయం చెయ్యొచ్చు.

రంగూన్‌లో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. డెస్క్‌టాప్ వద్దు, బ్యాటరీ బాగున్న పాత ల్యాప్‌టాప్ చాలు. కరెంటు పోతే ఎన్‌వీడీఏ ఆ మాట చెబుతుంది. ఇన్సర్ట్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే బ్యాటరీ ఎంతుందో చెబుతుంది. చరణం చరణానికీ సేవ్ చేసే అలవాటు మొదటి రోజునుంచే పెట్టండి.

ఇప్పుడు మన గ్రూపుల సంగతి. స్క్రీన్ రీడర్ అక్షరం ఆకారం చూడదు, లోపలి కోడ్ చదువుతుంది. ఈ దేశంలో 2019 అక్టోబరు 1న అధికారికంగా యూనికోడ్‌కి మారారు. అంతకుముందు అంతటా ఉన్న జాజీ ఫాంటుతో రాసిన బర్మీస్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కంటికి చక్కగానే ఉంటుంది, స్క్రీన్ రీడర్‌కి మాత్రం గందరగోళం. డీటీపీ వాళ్ళ పాత తెలుగు ఫాంట్లదీ అదే తంతు. పాట సాహిత్యం ఫోటో తీసి పెడితే అదీ ఆమెకి అందదు. కాబట్టి సాహిత్యం టైపు చేసి పంపండి. ఫైలుకి పేరు పెట్టండి: "రెండో చరణం, గొంతు" అని. అంకెల పేర్లతో వచ్చిన పది ఫైళ్ళలో తనకి కావలసింది వెతుక్కోవాలంటే ఒక్కొక్కటీ తెరిచి వినాల్సిందే.

అన్నీ సాఫీగా ఉండవు. కొన్ని అదనపు ప్లగిన్లలో మీటలు ఉత్త బొమ్మలు, పేర్లుండవు. స్క్రీన్ రీడర్ మూగబోతుంది. అప్పుడు పక్కనున్నవాళ్ళు "ఇటివ్వు, నేను చేసేస్తా" అని లాక్కుంటారు. అసలు అడ్డం అదే. ప్లగిన్ మార్చొచ్చు, పిల్ల చెయ్యి మళ్ళీ ముందుకు రావడం కష్టం. "ఏం వినిపిస్తోంది?" అని అడగండి, తను చెబుతుంది. తెర మీద ఏముందో మీరు చదవండి. నొక్కేది మాత్రం తననే నొక్కనివ్వండి.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు సరిగా లేక బడి చదువు మధ్యలో ఆగింది. ఆ ఆయనే విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన్ని వాయించడం దగ్గరే ఆపేసి ఉంటే ఆ కళాశాల ఎంత పోగొట్టుకునేదో!

వచ్చే భజన రికార్డింగు మీ ఇంటి పిల్లకే అప్పగించండి. మొదటిది వంకరగా వస్తుంది, రానివ్వండి. మూడోదానికి తమ్ముడే వచ్చి "అక్కా, నా పాట కూడా సరిచేసి పెట్టవా" అని అడుగుతాడు.