లింక్ ఓపెన్ కాకపోతే హెల్ప్ డెస్క్‌ని అడగమంటారా?

వర్డ్ ఫైల్‌లోనో, ఔట్‌లుక్ మెయిల్‌లోనో ఉన్న లింక్‌ని క్లిక్ చేస్తారు. పేజీ ఓపెన్ అవ్వదు. మీ సంస్థ పాలసీలు ఈ పనిని అడ్డుకుంటున్నాయి, హెల్ప్ డెస్క్‌ని సంప్రదించండి అనే అర్థంతో ఇంగ్లీష్‌లో ఓ మెసేజ్ వస్తుంది. ఆఫీస్ 2007, 2010 వాడేవాళ్లకైతే ఈ కంప్యూటర్‌లో ఉన్న ఆంక్షల వల్ల ఆపరేషన్ క్యాన్సిల్ అయిందని చెబుతుంది. సొంత డబ్బులు పెట్టి కొనుక్కున్న ల్యాప్‌టాప్‌లో సంస్థ ఎక్కడిది, పాలసీ ఎక్కడిది?

చాలాసార్లు అసలు సమస్య చాలా చిన్నది. ఔట్‌లుక్, వర్డ్, ఎక్సెల్ వెబ్ పేజీలను సొంతంగా చూపించవు. లింక్‌ని విండోస్‌కి ఇస్తాయి, విండోస్ డీఫాల్ట్ బ్రౌజర్ ఏదో చూసి దానికి పంపిస్తుంది. బ్రౌజర్‌ని అప్‌గ్రేడ్ చేసినప్పుడు, లేదా క్రోమ్‌ని తీసేసి వేరేది వేసుకున్నప్పుడు రిజిస్ట్రీలో పాత బ్రౌజర్ పేరు అలాగే మిగిలిపోవచ్చు. ఇల్లు ఖాళీ చేసినా గేటుకి పాత నేమ్ ప్లేట్ ఉన్నట్టు అన్నమాట. ఆ పేరుతో వెతికితే ప్రోగ్రామ్ దొరకదు. అంతే, ఎర్రర్.

నా దృష్టిలో ఈ బగ్ కంటే ఆ మెసేజే పెద్ద తప్పు. 'లింక్ తెరవడానికి బ్రౌజర్ దొరకలేదు, ఒకటి ఎంచుకోండి' అంటే ఎవరైనా రెండు నిమిషాల్లో సరిచేసుకుంటారు. పాలసీ అనగానే ఉద్యోగి ఐటీ వాళ్లు బ్లాక్ చేశారనుకుని టికెట్ పెట్టి కూర్చుంటాడు. ఇంట్లో వాడేవాళ్లు షాపుకి తీసుకెళ్తారు. అక్కడ తెలియని వాడు దొరికితే "విండోస్ మళ్లీ కొట్టాలి సార్" అంటాడు. బ్యాకప్ లేకపోతే ఫొటోలు, ఫైళ్లు పోయినట్టే, అదీ ఒక్క లింక్ కోసం!

ముందు ఇది ట్రై చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డీఫాల్ట్ యాప్స్‌కి వెళ్లి ఎడ్జ్‌ని డీఫాల్ట్‌గా పెట్టండి. ఒక లింక్ క్లిక్ చేసి చూసి, మళ్లీ మీకు కావాల్సిన బ్రౌజర్‌కి మార్చుకోండి. ఎక్కువ కేసుల్లో ఇది చాలు. విండోస్ 11 మొదట్లో దీన్ని కూడా కష్టం చేసింది, ఒక్కో ఫైల్ టైప్‌కీ విడిగా మార్చుకోవాల్సి వచ్చేది. 2022 అప్‌డేట్‌తో ఒకే బటన్ ఇచ్చారు.

అప్పటికీ పని చేయకపోతే రిజిస్ట్రీ. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి రెజ్ఎడిట్ అని టైప్ చేయండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్ వరుసగా తెరిస్తే డాట్ హెచ్‌టీఎంఎల్ కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్‌తో బ్యాకప్ తీసుకోండి. ఈ స్టెప్ మాత్రం వదిలేయొద్దు. కుడివైపు డీఫాల్ట్ విలువలో క్రోమ్‌హెచ్‌టీఎంఎల్ లాంటి, మీరు తీసేసిన బ్రౌజర్ పేరు ఉంటే, దాన్ని హెచ్‌టీఎంఎల్‌ఫైల్ అని ఖాళీ లేకుండా, చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లో మార్చండి. డాట్ హెచ్‌టీఎం కూడా ఉంటే అక్కడా ఇదే పని. తర్వాత సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే రిజిస్ట్రీ జోలికి మీరు వెళ్లొద్దు. ఏ కీ మార్చాలో టికెట్‌లో రాసేస్తే ఐటీ వాళ్ల పని కూడా తొందరగా అయిపోతుంది.

ఎర్రర్ ఏమీ లేకుండా, మీ డీఫాల్ట్ క్రోమ్ అయినా ఔట్‌లుక్ లింకులు ఎడ్జ్‌లోనే తెరుచుకుంటున్నాయా? అది పాడవడం కాదు, మైక్రోసాఫ్ట్ 2023లో కావాలని తెచ్చిన మార్పు. డీఫాల్ట్ బ్రౌజర్ ఏదో మనం ముందే చెప్పాక మళ్లీ అడగడం నాకైతే నచ్చలేదు. క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌కి వెళ్తే లింకులు ఏ బ్రౌజర్‌లో తెరవాలనే సెట్టింగ్ ఉంటుంది, అక్కడ డీఫాల్ట్ బ్రౌజర్ అని పెట్టుకోండి.